ఏ డివిజన్?

మిర్ఫా క్యాంపులో
ఊరు అడిగేది ఏజెంటు,
దేశం అడిగేది గేటు దగ్గర గార్డు.
పట్టాల మీద పనిచేసేవాడు మాత్రం
పార కింద పెట్టి, నీళ్ళ సీసా మూత తిప్పుతూ
ఒక్కటే అడుగుతాడు:
"ఏ డివిజన్?"

గుంతకల్లు, అన్నాను మొదటి రోజే.
అడిగినవాడు గులాం షబ్బీర్, పాకిస్తానువాడు.
సుక్కూర్ డివిజన్, అన్నాడు, గడ్డం కొంచెం పైకెత్తి.
రోహ్రీలో ఎండకి కంకర ఉడుకుతుందట.
మా తాడిపత్రి ఎండ సంగతి నేనూ వదిలాను.
ఇద్దరం చాలాసేపు ఎండల్లో పందెం వేసుకున్నాం.

మొఫజ్జల్‌ది బంగ్లాదేశ్, పాక్సీ డివిజన్.
పద్మా నది మీద వాళ్ళకో పాత ఉక్కు వంతెన ఉంది.
దాని పేరెత్తితే చేతిలో ముద్ద చేతిలోనే ఆరిపోతుంది.
పూర్ణ తామాంగ్ ఒక్కడే ఏమీ అనలేదు.
వాళ్ళ కొండల్లో పట్టా లేదు.
విమానం దిగాకే మొదటి రైలు చూశాడు,
అదీ మనుషుల్ని ఎక్కించుకునేది కాదు,
గంధకం మోసేది.

బడిలో డివిజన్ అంటే భాగహారం.
నాకెప్పుడూ శేషం మిగిలేది,
అయ్యవారు దాన్ని నా వీపు మీద సరిచేసేవాడు.
తర్వాత తెలిసింది, డివిజన్ అంటే ఒక బోర్డు కూడానని:
ఇక్కడిదాకా తుప్పు మాది, అవతలి తుప్పు వాళ్ళది.
పాము ఎటైనా పోవచ్చు.
కీమన్ మాత్రం బోర్డు తాకి వెనక్కి తిరగాలి.
హుసేనప్ప రోజూ దానికి సుత్తితో చిన్నగా తట్టి
"ఇంక నీ ఇష్టం తల్లీ" అని పట్టాతో అనేవాడు.

ఇక్కడ మాకు కనబడేది ఇసుకే.
సాయంత్రం తోసింది
తెల్లారేసరికి మళ్ళీ పట్టా మీద
దొరగారిలా కూర్చుని ఉంటుంది.
ఎవరి సంతకమూ లేకుండా సరిహద్దు దాటి వస్తుంది,
డ్యూటీ మారదు, బదిలీ అడగదు.

జులైలో, పట్టా వేడి డెబ్భై దాటిన రోజు
మధ్యాహ్నం పని ఆపేసి
కంటైనరు నీడలో పడుకున్నాం, నీడ జరిగినకొద్దీ జరుగుతూ.
షబ్బీర్ ఉన్నట్టుండి అన్నాడు:
"కుళ్ళాయప్పా, నేనెప్పుడూ రైల్వేలో లేను.
రోహ్రీ ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాణ్ణి.
పదకొండేళ్ళు.
ఇంజన్ మార్చేదాకా బండి ఆగేది కదా,
ఆ ఇరవై నిమిషాలే నా డివిజన్."

నవ్వు రావాలి. రాలేదు.
నా మాటా చెప్పేశాను:
నేను వేసుకున్న నారింజ చొక్కా మీద
ఉన్నది కంట్రాక్టరు తమ్ముడి పేరు.
ఏడేళ్ళు కంకర పోశాను,
గుంతకల్లు ఏ రిజిస్టరులోనూ
నా పేరుకి అయిన సిరా లేదు.
మూడు నెలల కూలి రాలేదని ఆఫీసుకి పోతే
"నువ్వు మా మనిషివి కాదు" అన్నారు.
మర్యాదగానే అన్నారు, కుర్చీ కూడా చూపించారు.
కూర్చోలేదు. ప్యాంటు నిండా గ్రీజు.

మొఫజ్జల్ పైకప్పు చూస్తూ విన్నాడు.
మాలో అతనొక్కడే అసలైన పాయింట్స్‌మన్.
పర్మనెంటు ఉద్యోగం వదిలి వచ్చాడు,
ఎందుకో ఇవాళ్టికీ చెప్పలేదు.
జేబులోంచి ఇత్తడి విజిల్ తీసి, చొక్కాకి తుడిచి
పూర్ణ చేతిలో పెట్టాడు. ఊదు, అన్నాడు.
ముందు గాలి వచ్చింది, తర్వాత ఉమ్మి,
ఆ తర్వాత సన్నటి కూత.
కంచె అవతల ఒక ఒంటె తల తిప్పింది.

ఆరింటికి గంధకం బండి వచ్చింది.
పట్టాకి దూరం జరిగి వరసగా నిలబడ్డాం,
ఎవరూ చెప్పకుండానే,
వచ్చే బండికి గ్యాంగువాళ్ళు నిలబడే పద్ధతిలో.
షబ్బీర్ కూడా అచ్చం అలాగే.
వాడికెలా తెలుసు అనుకున్నాను.
పదకొండేళ్ళు చూశాడు కదా, కెటిల్ పట్టుకుని.

డ్రైవరు ఎవరో, ఎక్కడివాడో,
అద్దం వెనక చెయ్యెత్తాడు.
వ్యాగన్లు నూట తొమ్మిదా, నూట పదా
అని పూర్ణ అడిగాడు.
ఎవరం లెక్కపెట్టలేదు.
ఇసుక అప్పటికే రెండో పట్టా ఎక్కుతోంది.
పారలు తీసుకున్నాం.